చిన్న దుప్పట్లు

ఆయన మూట విప్పి, దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని ఒక్క విదిలింపు విదిలించాడు. ఏమీ రాలలేదు. దాన్ని బ్లీచింగ్ నీళ్ల తొట్టెలోకి జారవిడిచి ఇంకోటి అందుకున్నాడు. ఇలా విదిలిస్తే సూదులు, చెంచాలు, గుండీలు రాలుతుంటాయి. ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు రాలి, నేలమీద ఇకిలిస్తూ పడ్డాయి. ఆ రోజు లాండ్రీలో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఆసుపత్రి వెనకవైపు, బాయిలరును ఆనుకుని ఉంది ఆ గది. కిటికీ అద్దాలకు ఎప్పుడూ చెమటే. చలిరోజుల్లో ఆయన బయటికొస్తే బట్టతల మీంచి పొగలు లేస్తాయి. అందుకే అందరికీ ఆయన ఆవిరి బాబాయ్. చేరిన కొత్తలో తలమీద జుట్టుండేది, ఆ పేరుండేది కాదు. ఇప్పుడు చేతులు మోచేతుల దాకా నానిన కాగితంలా ముడతలు పడ్డాయి. గోళ్లు మందు నీళ్లకు పసుపురంగు తిరిగాయి.

ఆయనకు రోగుల మొహాలు తెలియవు. దుప్పట్లు తెలుసు. ఆపరేషన్ గదివి బరువుగా దిగుతాయి. పిల్లల వార్డువి చిన్నవి, పెద్ద దుప్పటిలో సగం, పచ్చగా, పుల్లటి వాసనతో. ఒకప్పుడు చలి మొదలైతే చాలు, చిన్న దుప్పట్లు గుట్టలుగా వచ్చి పడేవి. ఆయన, పొడుగాడని పిలుచుకునే తోటి పనివాడు, ఇద్దరూ వంచిన నడుము ఎత్తేవాళ్లు కాదు. ఈమధ్య కొన్నేళ్లుగా అవి తగ్గుతూ వచ్చాయి. ఎందుకు తగ్గాయో ఆయన ఎవరినీ అడగలేదు. జనం ప్రైవేటు ఆసుపత్రులకు పోతున్నారు కాబోలు అనుకున్నాడు. పని లేదని పొడుగాణ్ణి మానిపించిన రోజు మాత్రం తక్కువగా వచ్చిన ఆ చిన్న మూటను కాలితో ఒక్క తన్ను తన్నాడు.

పిల్లల వార్డు మూటలో ఇవాళ దుప్పటి కానిదేదో చేతికి తగిలింది. మందంగా ఉంది. లాగితే బొంత వచ్చింది. నీలం ముక్కలు, తెల్లదారం కుట్లు, నడిమధ్యన ఒక చొక్కా జేబు.

ఆ జేబు ఆయనదే. చిరిగిపోయిన పని చొక్కాలన్నీ కత్తిరించి, కూతురికి పుట్టబోయే బిడ్డకోసం ఇల్లాలు కుట్టిన బొంత అది. జేబెందుకే అంటే, "పిల్ల సంపాదన దాచుకోవద్దూ?" అని నవ్వింది. ఆ పిల్లను చూడకుండానే పోయింది.

బొంత నీళ్లోడుతోంది. మరక పచ్చగా కూడా లేదు, గంజినీళ్లలా ఉంది. అంత పలచటి మరకలతో వచ్చే దుప్పట్లు ఆయన చాలా చూశాడు. ఒకే మంచానివి వరసగా దిగేవి, తరవాత ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఆగాయంటే ఆ పిల్ల ఇంటికెళ్లిందో, ఇంకేమైందో ఆయనకు తెలిసేది కాదు. తెలుసుకోవాలనీ అనిపించేది కాదు.

"ఏంటన్నయ్యా, అలా బిగుసుకుపోయావ్?" ఇస్త్రీ దగ్గరున్నామె అడిగింది.

"ఇది మా పిల్లది."

"ఏ పిల్లది?"

"మనవరాలిది. పైనుంచి వచ్చింది."

ఆమె వచ్చి బొంత ఆయన చేతుల్లోంచి లాక్కుంది. "మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? వెళ్లు. ముందు ఆ చేతులు కడుక్కుని వెళ్లు."

చేతులు కడుక్కున్నాడు. సబ్బు జారి కింద పడింది. తీసుకుని మళ్లీ కడుక్కున్నాడు. రెండేసి మెట్లెక్కుతూ పైకి వెళ్లాడు.

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం దగ్గర కూతురు నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. ఒక కాలి చెప్పు ఒక రకం, రెండో కాలిది ఇంకో రకం. చీకటితోనే తన ఇంటినుంచి పక్కింటివాళ్ల బండిలో వచ్చిందట. అల్లుడు పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడు.

"ఎన్నిసార్లు ఫోను చేశాను నాన్నా!"

"తడిలో పెట్టుకోను కదమ్మా..."

మంచం మీదున్నది తన మనవరాలేనా అనిపించింది. మొన్నటిదాకా తన బట్టతల మీద రెండు చేతులతో దరువేసిన పిల్ల. కళ్లు లోపలికి పోయాయి. మాడు గుంటపడింది. ఏడుస్తోంది కానీ కన్నీళ్లు రావడంలేదు. డాక్టరు పొట్ట మీది చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే, పిండిన గుడ్డ మడతలా అలాగే నిలబడిపోయింది.

నరం దొరకలేదు. చేతికి చూశారు, పాదానికి చూశారు. సూది గుచ్చిన ప్రతిసారీ పిల్లకంటే ముందు ఆయన ఉలిక్కిపడ్డాడు. కూతురు గోడకు తిరిగి నిలబడింది. చివరికి తలకు గుచ్చారు. సెలైన్ సీసాలో మొదటి చుక్క జారింది.

నర్సు సూది చుట్టూ పట్టీ అంటిస్తూ, "విరేచనాల చుక్కలు వేయించారా పిల్లకి?" అని అడిగింది.

కూతురు తండ్రికేసి చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది. "కుదర్లేదు సిస్టర్."

ఆయనకు గుర్తుంది. కూతురు పురిటికొచ్చి తన దగ్గరున్నప్పుడు, అన్నం తింటుంటే వచ్చి అడిగింది. "నాన్నా, విరేచనాలు రాకుండా రేపు చుక్కలు వేస్తారట. తీసుకెళ్లనా?" ఆయన తల కూడా ఎత్తలేదు. "పిల్లకి జలుబుగా ఉంది కదే. తరవాత చూద్దాంలే. నోట్లో నాలుగు చుక్కలేస్తే ఏమొస్తుంది?" అన్నాడు. ఆసుపత్రిలో పనిచేసే మనిషి మాట కదా అని కూతురు ఊరుకుంది. ఆ తరవాత ఎప్పుడూ చూడలేదు.

"కుదరక కాదమ్మా. నేనే వద్దన్నాను," అన్నాడు.

నర్సు కసురుతుందనుకున్నాడు. ఆమె కసరలేదు.

"వేయించినా అసలు రావని కాదు బాబాయ్. వచ్చినా చాలామందికి ఇంతదాకా రాదు. ఇదివరకు ఈ వార్డులో మంచానికి ఇద్దరేసి పిల్లలుండేవాళ్లు. చోటు లేక నేలమీద పడుకోబెట్టేవాళ్లం. ఈ చుక్కలొచ్చాకే ఖాళీ మంచాలు చూస్తున్నాం. ఆ దుప్పట్లన్నీ ఉతికింది నువ్వేగా, నీకు తెలీదా?"

ఆయనకు కాలితో తన్నిన మూట గుర్తొచ్చింది.

నర్సు ఓఆర్ఎస్ కలిపిన గ్లాసు, చెంచా ఆయన చేతికిచ్చింది. "కొంచెం కొంచెంగా పట్టు. వాంతి చేసుకుంటే కాసేపాగి మళ్లీ పట్టు. తల్లిపాలు కూడా మానొద్దు. ఉచ్చ పోస్తే నాకు చెప్పు. దానికోసమే చూస్తున్నాం."

పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెదాలకు చెంచా ఆనిస్తే నాలుక కొస బయటికొచ్చి వెనక్కి పోయింది. సగం లోపలికి, సగం గడ్డం మీదికి. కాసేపటికి తాగిందంతా కక్కేసింది. తుడిచి, ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. కూతురు మధ్యమధ్య పాలిచ్చి, మంచం కోడుకు తల ఆనించి అలాగే కునుకు తీసింది. ఆయన మాటిమాటికీ పిల్ల కింది గుడ్డ తడిమి చూశాడు. పొడిగానే ఉంది. ఎండ కిటికీ దాటి గోడమీదికి పాకింది. గుడ్డ ఇంకా పొడిగానే ఉంది.

"పెద్దయ్యా," అని పక్క మంచం దగ్గర్నుంచి పిలుపు వినిపించింది. చిన్న వయసు తల్లి. ఆమె బాబు ఇంకా చిన్నవాడు, ఏడవడం కూడా మానేశాడు. సూదులు గుచ్చినచోట రెండు కాళ్లకూ పట్టీలు అంటించి ఉన్నాయి. "అలా పక్కనుంచి ఎలా పట్టిస్తున్నారు? మావాడికి లోపలికి పోవడంలేదు."

పిల్లను కూతురికిచ్చి వెళ్లి చూపించాడు. తల కాస్త ఎత్తి, చెంపవైపు నుంచి, ఒక్కో చుక్క.

"నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయన్నారు ఇంట్లో," అంది ఆమె, బాబు మొహంలోకే చూస్తూ. "నీళ్లకోసం నోరు తెరుస్తుంటే ఇవ్వకుండా కూర్చున్నాను పెద్దయ్యా."

"చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారమ్మా. మా ఇంట్లో నేనున్నాను," అన్నాడు.

దీపాలు వేసే వేళకు ఒళ్లో వెచ్చగా తగిలింది. మళ్లీ మొదలైందనుకుని భయంభయంగా గుడ్డ ఎత్తి చూశాడు. కాదు. మడతపెట్టిన గుడ్డ దాటి ఆయన ప్యాంటు దాకా పాకుతోంది తడి.

"సిస్టరమ్మా! పోసింది! ఉచ్చ పోసింది!"

కూతురు దిగ్గున లేచింది. ఏడుస్తూనే నవ్వింది. "ప్యాంటంతా పాడుచేసింది నాన్నా!"

"చెయ్యనీవే! ఉతికేవాణ్ణి నేనున్నాగా!"

నర్సు వచ్చి పిల్ల పొట్ట నొక్కి చూసి, నాలుక చూసి తలూపింది. "గండం గడిచినట్టే. కోలుకున్నాక చుక్కల సంగతి అడగండి, ఇంకా వయసు మించిపోలేదు." ఆ మాట అంటూనే పక్క మంచంకేసి చూసి, గబగబా అటు నడిచింది. డాక్టరును పిలిచారు. మంచం చుట్టూ తెర లాగారు.

ఆయన పిల్లను గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. తెర వెనక అడుగుల చప్పుడు, ఏదో ట్రే కదిలిన చప్పుడు, తరవాత ఏ చప్పుడూ లేదు. ఏడుపు వినిపిస్తే బాగుండుననిపించింది. వినిపించలేదు.

కాసేపటికి ఆ తల్లి బయటికొచ్చింది. చేతుల్లో తెల్లటి మూట ఉంది. పక్కన ఒక మగమనిషి ఆమె భుజం పట్టుకుని నడిపిస్తున్నాడు. దాటుకుంటూ వెళ్తూ ఆగి, ఆయన ఒళ్లోని పిల్లకేసి చూసింది.

"పట్టిస్తూనే ఉండండి పెద్దయ్యా," అని వెళ్లిపోయింది.

పిల్ల నిద్రపోయింది. కూతురి పక్కన పడుకోబెట్టి ఆయన లేచాడు. "ఆ మంచం దుప్పటి నేను తీస్తానమ్మా," అన్నాడు నర్సుతో.

"పొద్దున తీస్తారులే బాబాయ్. ఇవాళ్టికి నువ్వు కూర్చో."

ఆయన వినలేదు. తెర జరిపి, చిన్న దుప్పటి నాలుగు మూలలూ మెల్లగా పైకి లేపి మడిచాడు. దిండు ఎత్తాడు.

దాని కింద ఎర్రటి గిలక్కాయ ఒకటి ఉంది, దుకాణంలో చుట్టిన పల్చటి కాగితం ఇంకా విప్పకుండా.