కాంటా తెర ఎవరి ముందుండాలి

కాంటా బరువు చూపే తెరను పొయ్యి దగ్గర పెట్టాలా, వరండాలో పెట్టాలా అన్న వాదన రావడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

"పొయ్యికాడ పెడితే నీకే మంచిగుంటది గదా," అన్నాడు సుదర్శన్, మేకు కొట్టడానికి గోడ తట్టి చూస్తూ. "కూర కలుపుకుంటనే బరువు చూసుకోవచ్చు. ఉరికే పనే లేదు."

"నేను వరండాల అన్న," అంది నవత, జొన్నరొట్టె తిప్పుతూ.

"వరండాల ఎవరుంటరమ్మా, తెర చూసెటందుకు?" అంది అత్త మహాదేవమ్మ.

మామ వీరప్ప ఉంటాడు. పొద్దంతా పేపరు చదువుతూ అక్కడే ఉంటాడు.

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన వాళ్లది లారీలు తూచే ధరమ్ కాంటా. ముందు కాంటా, పక్కన క్యాబిన్, వెనక ఇల్లు. లారీ వచ్చి హారన్ కొడితే నవత చేతిలో పని వదిలేసి క్యాబిన్‌కు పరుగెత్తాలి, బరువు చూపే పెట్టె మీది ఎర్ర అంకెలు చూసి చీటీ రాయాలి. పదకొండేళ్లుగా ఇదే. కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం అత్త "మా కోడలు ఇంట్లనే ఉంటది" అంటుంది. ఒకసారి తలంటుకుంటుంటే పిలుపొచ్చి, నురగ మీదే కొంగు కప్పుకుని వెళ్లింది. డ్రైవర్ ఫక్కున నవ్వాడు. ఆ సంగతి చెబితే సుదర్శన్ "లారోళ్లకు తొందరుంటది మరి" అన్నాడు.

ఆ పెట్టె పాతది. దాని వెనక కంప్యూటర్‌కు కలిపే సీరియల్ పోర్టు ఉంది గానీ, దాని తొమ్మిది పిన్నుల వైరు పట్టే చోటు ఇప్పటి కంప్యూటర్లకు లేదు. బాగుచేసే మనిషి వచ్చి, బరువు ఇంట్లోనే కనబడాలంటే మొత్తం మార్చాలి, అరవై వేలవుతుందన్నాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన నవత ఎనిమిది వందల లోపు ఒక చిన్న వైఫై బోర్డు, వోల్టేజి సరిచేసే ఇంకో ముక్క, అంకెలు చూపే చిన్న తెర తెప్పించుకుంది. పప్పు ఉడికేలోగా వైర్లు అతికించింది. మొదట తెర మీద అన్నీ పిచ్చి గుర్తులే వచ్చాయి. పెట్టె ఎంత వేగంగా చెబుతుందో బోర్డు అంతే వేగంగా వినాలి. ఒక్కో వేగం మార్చి చూస్తూ రెండు రోజులు గడిపింది. మూడోనాడు చెరుకు లారీ ఎక్కగానే పెట్టె మీదున్న 18460 తెర మీదా వచ్చింది. చుట్టుపక్కల ఎవరూ లేక ఆ సంతోషం డ్రైవర్‌కే చెప్పుకుంది. అతను "అచ్ఛా!" అని తలూపి, పోతూ పోతూ కోహీర్‌లో చెప్పాడు.

నిన్న అక్కడి కాంటా యజమాని గౌహర్ బేగం ఫోన్ చేసింది. "మాది సుత గట్లనే చేసిపెట్టు బేటీ. జర జల్ది రా. మూడు వేలిస్త. మా వాళ్ల కాంటాలు ఇంకా రెండున్నయ్."

పరుగు తప్పించుకోవడానికి చేసుకున్న పని ఇది. తెర పొయ్యి దగ్గరికొస్తే పరుగు తప్పుతుంది, నవత మాత్రం పొయ్యి ముందు నుంచి కదలడానికి ఉండదు. రేపు రొట్టె మాడినా తనదే తప్పు, బరువు తప్పినా తనదే. పైగా, కూర్చుని చూడడానికి ఏం కష్టమంటారు. ఇక కోహీర్ ఊసెత్తేదెప్పుడు?

మధ్యాహ్నం అందరికీ వడ్డించి, తనూ పళ్లెం తెచ్చుకుని వాళ్ల మధ్యే కూర్చుంది.

"మేకు కొట్టకు," అంది భర్తతో. "బరువు ఏ ఫోన్లనైనా కనవడ్తది. నీ దాంట్ల, మామ దాంట్ల పొద్దున్నే పెట్టిన."

"నా దాంట్లనా? నాకేమెరుక బిడ్డా?" అంటూ వీరప్ప ఫోన్ తీశాడు. తెర మీద అంకెలు కదులుతున్నాయి. కాంటా మీదికి లారీ ఏదో ఎక్కింది. ముగ్గురూ నవత వైపు చూశారు. ఆమె రొట్టె తుంచుకుంది. వీరప్ప కళ్లజోడు సర్దుకుని చదివాడు. "ఇరవై ఒక్క వేల... నూట నలభై. అరె, వస్తుందిరా!" సుదర్శన్ మెల్లగా లేచి చేయి కడుక్కున్నాడు, చీటీ రాయడానికి.

అతను గడప దాటేలోగా నవత, పప్పు అందించమన్నంత మామూలుగా చెప్పింది.

"రేపు పొద్దుగాల కోహీర్ పోతున్న. గౌహర్ బేగం కాంటాకు వైర్లు పెట్టాలె. ఎల్లుండి ఇంకోకాడికి. ఇగ నా పని గదే."