కిటికీ మూశాక మిగిలింది

మంచుముక్కలు వేసిన గాజు గ్లాసులో థర్మామీటరు ముల్లు సున్నా దగ్గరికి దిగుతూండగా హొలిస్ బాప్టిస్ట్‌కు ఆ కబురు అందింది.

రోజూ ఉదయం తిండి బళ్ళ తనిఖీకి వీధిలోకి బయలుదేరే ముందు అతను చేసే మొదటి పని ఆ థర్మామీటరు సరిచూడడం. ముల్లు సున్నా మీద నిలబడితే సరే, పక్కకి ఒరిగితే వెనకనున్న చిన్న మరను తిప్పి సరిచేస్తాడు. పై అధికారి మిస్ రామ్‌కిస్సూన్ గుమ్మంలోనే నిలబడి, అతను వాడుకోకుండా దాచిన సెలవులన్నీ మంజూరయ్యాయనీ, పదవీ విరమణ దాకా మళ్ళీ రానక్కర్లేదనీ, ఈ క్షణం నుంచే ఇంటికి పోవచ్చనీ చెప్పింది. అతను గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావు హొలిస్? కొత్త పెళ్ళికొడుకువి" అంది ఆమె నవ్వుతూ.

హొలిస్ థర్మామీటరు తుడిచి, అలవాటుగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కలంలా ఉంటుంది అది. పొడుగాటి ఇనుప సూది, దాని నెత్తిన గుండ్రటి ముఖం. ఇన్నేళ్ళుగా దాన్ని మోసి మోసి ఆ జేబు ఒక పక్కకి సాగిపోయింది. మనిషి కూడా కొంచెం అలాగే ఉంటాడు. అరుగుల కింద తూములు వంగి చూసీ చూసీ భుజాలు ముందుకి జారాయి. కొట్టులోకి అడుగుపెట్టగానే వాసన పట్టే అలవాటుకి ముక్కు మొదట్లో నిలువు ముడత పడింది.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నడిబొడ్డున తిండి అమ్మే ప్రతి బండీ, ప్రతి కిటికీ అతనికి తెలుసు. ఎవరి తూము కారుతుందో, ఎవరి మంచుపెట్టె మూత సరిగా పడదో, ఎవరు గోళ్ళు కత్తిరించుకోరో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎవరి తిండి రుచి మాత్రం తెలియదు. తిన్న చేత్తో తప్పు రాయలేమని ఉద్యోగంలో చేరినప్పుడే అనుకున్నాడు. అంతే, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె, జున్నుముక్క వుడ్‌ఫర్డ్ పార్కు బెంచీ మీద కూర్చుని తినడం, చేతులు కడుక్కోవడం. అలా గడిచిపోయింది ఉద్యోగమంతా.

ఈస్టర్ వెళ్ళాక మార్వాను పెళ్ళి చేసుకోకపోయి ఉంటే ఆ లోటు అతనికి తెలిసేదే కాదు. క్వీన్ వీధిలో బట్టల కొట్టులో తానులు కత్తిరిస్తుంది ఆమె. ఇద్దరికీ పెళ్ళి ఆలస్యంగానే జరిగింది, అందుకేనేమో ఇంకా ఒకరి ఎదురుగా ఒకరు కుర్చీ లాక్కుని కూర్చోవడమే పండగలా ఉంటుంది. రాత్రి భోజనాల దగ్గర మార్వా ఆ రోజు ఏ బండి దగ్గర ఏం తిన్నదో చెబుతుంది. చింతపండు పులుసు మణికట్టు మీదికి ఎలా కారిందో చేత్తో చూపిస్తుంది. హొలిస్ గరిట పట్టుకుని అలాగే వింటాడు. ఒక్క పెలావ్ అన్నం అడుగంటిన మాడు గురించి అడిగినప్పుడు మాత్రం ఆమె తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు ఆ మాడు కోసం అక్కచెల్లెళ్ళు జుట్లు పట్టుకునేవాళ్ళట. "అది చెబితే తెలిసేది కాదు, తినాలి" అంది.

ఇవాళ తింటాను అనుకున్నాడు హొలిస్ మెట్లు దిగుతూ. ఊళ్ళో అందరూ ఎలా తింటారో అలాగే, నిలబడి, చేత్తో. దారి ఎవర్నీ అడగక్కర్లేదు. మార్వా రాత్రుళ్ళు చెప్పిన కబుర్లే దారి.

మొదట సీపర్సాద్ డబుల్స్ బండి. పసుపు రంగు మెత్తటి బారా రొట్టెలు రెండు, మధ్యలో శనగల కూర, పైన పచ్చళ్ళు. జనం మూగి ఉన్నారు. హొలిస్ చివర నిలబడి వింటున్నాడు. సీపర్సాద్ తల ఎత్తకుండానే ప్రతివాడినీ "కారం?" అని అడుగుతున్నాడు. ఒకడు "కాస్త" అంటాడు, ఇంకొకడు "దండిగా" అంటాడు, బడి దుస్తుల్లో ఉన్న ఒక పిల్ల "నిన్నటికన్నా ఎక్కువ" అంది. తన వంతు వస్తే ఏమనాలో హొలిస్ మనసులో తేల్చుకోలేకపోయాడు. ఆ తేల్చుకోలేకపోవడం కూడా బాగానే ఉంది.

వంతు వచ్చింది. సీపర్సాద్ తల ఎత్తి చూశాడు. చేతి తొడుగులు విప్పి కొత్తవి వేసుకున్నాడు. కొత్త కాగితం కట్ట విప్పాడు. బారాలు పటకారుతో తీశాడు, శనగలు పొగలు కక్కే దాకా మళ్ళీ మరిగించి వడ్డించాడు. కారం ఊసెత్తలేదు. పచ్చళ్ళ సీసాలన్నీ మూతలు పెట్టి వెనక్కి జరిపాడు.

తాను డ్యూటీలో లేననీ, ఇవాళ్టి నుంచి సెలవనీ హొలిస్ చెప్పాడు.

"అవునవును సార్. పోయినేడాది తనిఖీకి వచ్చినాయన కూడా పెళ్ళికి పోతూ ఆగానన్నాడు" అన్నాడు సీపర్సాద్ చాలా మర్యాదగా. డబ్బులు తీసుకోనని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. హొలిస్ బండి అంచు మీద పెట్టి వచ్చేశాడు.

పక్కనున్నవాడు చొక్కా మీద పడకుండా ముందుకి వంగి, కళ్ళమ్మట నీళ్ళు కారుతూండగా తింటున్నాడు. హొలిస్ కూడా ముందుకి వంగి తిన్నాడు. చొక్కా మీద పడడానికి ఏమీ లేదు. జ్వరం తగ్గినవాడికి పెట్టే పథ్యంలా ఉంది.

ఉప్పుచేప వడలు వేసే ఆవిడ అతన్ని చూడగానే బాణలిలో నూనె మొత్తం పారబోసి కొత్త నూనె కాచింది. అది కాగేదాకా వెనకనున్నవాళ్ళు హొలిస్ వంశాన్ని తలుచుకున్నారు. సవానా మైదానం పక్కన కొబ్బరికాయల బాయ్సీ వచ్చిన ప్రతివాడినీ "నీళ్ళా, గుజ్జా?" అని అడిగేవాడు, అతన్ని చూసి కత్తి తుడిచాడు, కాయ కడిగాడు, మళ్ళీ కత్తి కడిగాడు. కడగడం అయ్యేసరికి కాయలో నీళ్ళు వెచ్చబడ్డాయి. హొలిస్ తాగుతూంటే అతని ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు, పరీక్ష రాసిన కుర్రాడిలా.

హొలిస్‌కు కోపం రాలేదు. ఇన్నేళ్ళూ తను రాగానే జరుగుతూ వచ్చిందేమిటో ఇవాళే చూస్తున్నట్టుంది. తను వెళ్ళిన చోటల్లా ఊరు లేచి నిలబడి చొక్కా సర్దుకుంటోంది. తను మలుపు తిరిగాక మళ్ళీ కూర్చుంటుంది. ఆ కూర్చున్న ఊరిని చూడాలని ఉంది అతనికి.

చెట్టు నీడన నిలబడి మార్వాకు ఫోన్ చేశాడు. ఆమె అంతా వినకుండానే నవ్వడం మొదలుపెట్టింది, వెనక ఎవరో ఏమైందని అడగడం కూడా వినిపించింది.

"ఆ ఖాకీ చొక్కాతోనే తిరుగుతున్నావా?"

హొలిస్ తలవంచి తనను తాను చూసుకున్నాడు. జేబు మీద నగర ముద్ర, జేబులో థర్మామీటరు.

"యూలలీ దగ్గరికి పో" అంది మార్వా. "ఆవిడ దేవుడికి కూడా భయపడదు. మా కొట్టు మూశాక నేనూ అక్కడికే వస్తా."

షార్లెట్ వీధి వెనక సందులో, గోడకి కోసిన కిటికీయే మిస్ యూలలీ కొట్టు. ఆవిడ వండేది పెలావ్ ఒక్కటే. పంచదార నల్లబడే దాకా మాడ్చి, అందులో కోడిముక్కలు తిప్పి, పచ్చి కందులూ బియ్యమూ కొబ్బరిపాలూ పోసి ఇనుప కుండలో మూతపెడుతుంది. తనిఖీకి వచ్చినప్పుడల్లా హొలిస్ కుండ అడుగున నల్లటి పొర చూసి, మాడింది అమ్మకూడదని చెప్పేవాడు. "అది అమ్మేది కాదు. మా ఇంటివాళ్ళది. దాని జోలికి రాకు" అనేది ఆవిడ ప్రతిసారీ. హొలిస్ అలాగే రాసుకుని వెళ్ళేవాడు.

ఇవాళ కిటికీలోంచి చూస్తే లోపలి గోడ బోసిగా ఉంది. మూకుళ్ళు వేలాడే మేకులు మాత్రం మిగిలాయి. మేకు మేకు కింద గోడ మీద ఒక్కో గుండ్రటి తెల్ల మచ్చ. హొలిస్ వరసలో చివర నిలబడ్డాడు. తన ముందున్న కూలీకి చివరి పళ్ళెం వెళ్ళిపోయింది.

"అయిపోయింది" అంది యూలలీ. ఖాకీ చొక్కాను చూసినా కుండ మీద మూత సర్దలేదు, చేతులు తుడుచుకోలేదు.

గోడ సంగతి అడిగాడు హొలిస్. మోకాళ్ళు ఇక నిలబడనీయడం లేదనీ, టోకోలో సముద్రం ఒడ్డున మేనకోడలి ఇంటికి పోతున్నాననీ, ఇవాళే ఆఖరనీ ఆవిడ చెప్పింది. ఎవరికీ చెప్పలేదేమని అడిగితే విచిత్రంగా చూసింది.

"చెబితే అందరూ వచ్చి నిలబడతారు. అన్నం చాలొద్దూ?"

హొలిస్ తల ఊపి వెనక్కి తిరిగాడు. ఇంతసేపూ వీధి వీధీ ఆలస్యంగా తిరిగినందుకు తన మీద తనకే చిరాకు వేసింది. వెనక కిటికీ తలుపు సగం దాకా కిందికి దిగిన చప్పుడు వినిపించింది.

"ఎక్కడికి పోతావు? లోపలికి రా."

పక్కతలుపు అతనికి తెలిసినదే. ఎప్పుడూ ముక్కు ముందు పెట్టి వెళ్ళేవాడు, ఇవాళ కాళ్ళు ముందు వెళ్ళాయి. యూలలీ పీట మీద కూర్చుని, కుండను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, అంచు ఒకవైపు అరిగిపోయిన గరిటతో అడుగు గీకుతోంది. పెద్ద పెచ్చు పైకి లేచింది. హొలిస్ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. తెలిసేసరికి సూది ఆ పెచ్చులో దిగి ఉంది, ముల్లు పైకి ఎక్కుతోంది.

ఆవిడ చప్పుడు లేకుండా, పొట్ట కదిలేలా నవ్వింది. థర్మామీటరు లాగి, తుడవకుండానే కిటికీ బయటి అంచు మీద పెట్టింది.

"చూడు నాయనా, కిటికీ మూశాక నేను కొట్టుదాన్ని కాను. నువ్వు ఇన్‌స్పెక్టరువో కాదో నాకనవసరం. మిగిలింది తినడానికి ఎవరో ఒకరు కూర్చోవాలి. కూర్చో."

పళ్ళెం లేదు. పెచ్చు అతని అరచేతిలో పెట్టింది. హొలిస్ కొరికాడు. మొదట చేదు, మాడిన పంచదార చేదు. అది నాలుక మీద విరిగి తీపి అయింది. తర్వాత కొబ్బరి, కోడి కొవ్వు, ఎక్కడో అతుక్కుపోయిన ఒక కందిగింజ. పళ్ళ కింద కరకరమంటోంది, లోపల మాత్రం మెత్తగా ఉంది. మార్వా ఎందుకు చెప్పలేకపోయిందో అర్థమైంది. తనూ చెప్పలేడు.

తలుపు దగ్గర మార్వా నిలబడి ఉంది, జుట్టులో గుడ్డ నూలు చిక్కుకుని. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"ఎవరీవిడ?" అంది యూలలీ.

"నా భార్య" అన్నాడు హొలిస్. ఆ మాట అనడం ఇంకా అలవాటు కాలేదు, అన్న ప్రతిసారీ చెవులు వేడెక్కుతాయి.

యూలలీ ఇంకో పెచ్చు గీకి మార్వా చేతిలో పెట్టింది. తర్వాత మిరప పులుసు సీసా మూత తీసి హొలిస్ వైపు తిరిగింది.

"కారం ఎంత?"

పొద్దుటి నుంచి ఎదురుచూసిన ప్రశ్న. మార్వా నమలడం ఆపి అతని వంకే చూస్తోంది.

"కాస్త" అన్నాడు.

ఆవిడ కాస్త అంటే ఎంతో అప్పుడు తెలిసింది. కళ్ళూ ముక్కూ కారుతూ, చొక్కా జేబు మీది నగర ముద్ర దాకా పులుసు కారుతూ, ముందుకి వంగి అతను చివరి మెతుకు దాకా తిన్నాడు.

మేనకోడలి కారు సందు చివర ఆగింది. కుండను కడగలేదు. అలాగే గోనెసంచిలో చుట్టి వెనక సీటులో పెట్టారు. హొలిస్ చూసి, కారు వెనక తలుపు తనే వేశాడు. యూలలీ కిటికీ తలుపు పూర్తిగా దించి గొళ్ళెం పెట్టింది. గరిట ఒళ్ళో పెట్టుకుని ముందు సీటులో కూర్చుంది, వెనక్కి తిరిగి చూడలేదు. కారు షార్లెట్ వీధిలో కూరగాయల బళ్ళ మధ్య మెల్లగా దూరి కనబడకుండా పోయింది.

వాళ్ళిద్దరూ చేయీ చేయీ పట్టుకుని నడిచారు. ఇద్దరి వేళ్ళూ జిడ్డుగానే ఉన్నాయి.

"రేపు కురేప్ పోదాం" అంది మార్వా. "అక్కడ డబుల్స్ బండివాడికి నువ్వెవరో తెలీదు. నేను కుట్టిన పూల చొక్కా వేసుకో. తూము వైపు చూడకు. వాడు అడిగిందానికి ఒక్కమాట జవాబు చెప్పు, చాలు."

హొలిస్ ఆలోచించాడు. "రేపు దండిగా అంటాను."

మలుపు దగ్గర అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. జేబు ఖాళీగా, ఒక పక్కకి సాగి ఉంది. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆ చేత్తోనే మార్వా జుట్టులోంచి నూలుపోగు తీసి నడక సాగించాడు.

వెనక, మూసిన కిటికీ అంచు మీద, సూదికి నల్లటి మెతుకొకటి అంటుకుని ఉన్న థర్మామీటరు ముల్లు ఆ వీధి సాయంకాలపు వేడి దగ్గరికి దిగి ఆగి ఉంది.