పదికి పది వేసిన కంపెనీ

గ్రూప్స్ పరీక్షలకు ఆరేళ్లు చదివినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకాన్నంతా ప్రశ్నపత్రంలాగే చూస్తాడు. అశోక్‌నగర్‌లో భోజనానికి మెస్సు ఎంచుకోవడానికి కూడా నేను నోటుబుక్కులో గీతలు గీసి మార్కులు వేశాను. అందుకే మా రూములో ఉండే ప్రేమ్‌సాగర్ వచ్చి, "నాగేందరన్నా, నాలుగు లారీ కంపెనీలున్నయి. ఏ దాంట్ల చేరాల్నో జర సూసి చెప్పు" అంటే పొంగిపోయాను. తెలియని పని మీద నాకున్నంత ధీమా ఎవరికీ ఉండదు.

ప్రేమ్‌సాగర్ డిగ్రీ చేసి, నాతోపాటు రెండేళ్లు చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీలు అరగదీసి, ఇక లాభం లేదని లారీలు నడిపే లైసెన్స్ తీసుకున్నాడు. అతని ఆశంతా ఆర్టీసీ డ్రైవర్ ఉద్యోగం మీదే. దానికి పెద్ద బండి నడిపిన అనుభవం ఏడాదిన్నర కావాలి. "ఏడాదిన్నర ఓర్సుకుంటే ఖాకీ అంగే అన్నా" అనేవాడు.

నారాయణగూడ, కాచిగూడల్లో నాలుగు ఆఫీసులూ తిరిగాను. ఒకచోట బండ్ల టైర్లు గుండు కొట్టించినంత నున్నగా ఉన్నాయి. ఇంకోచోట డ్రైవర్ నాతో మాట్లాడుతూనే కునుకు తీశాడు. జగదీశ్వర్ సేట్ కంపెనీ మాత్రం బ్రహ్మాండంగా కనిపించింది. బండ్లు కొత్తవి. డ్రైవర్లలో ఎవరిని అడిగినా ఎనిమిదేళ్లు, పదేళ్లు అన్నారు. కనకయ్య అనే పెద్దాయన పన్నెండేళ్లుగా అక్కడే ఉన్నాడట. "ఈడికెల్లి ఎవ్వలు పోరు సారూ" అన్నాడు. ఒక్కడూ మానలేదంటే కంపెనీకి అంతకంటే గొప్ప గుర్తేముంటుందని ఆ గడిలో పదికి పది వేశాను. ఎందుకు పోరని మాత్రం అడగలేదు.

చేరిన రోజునే సేట్ ప్రేమ్‌సాగర్ అసలు లైసెన్స్ తీసుకుని బీరువాలో పెట్టి, జిరాక్స్ చేతికిచ్చాడు. దారిలో పారేసుకుంటారట, తన దగ్గరైతే భద్రమట. ఎంత జాగ్రత్తపరుడో అని మెచ్చుకున్నాను కూడా. నా తెలివి అలా తెల్లారింది.

ఏడాదిన్నర దాటింది. 2012లో ప్రేమ్‌సాగర్ ఆర్టీసీకి దరఖాస్తు పెట్టాడు, బండి నడిపి చూపించి నెగ్గాడు కూడా. మిగిలింది కాగితాల పరిశీలనే. గురువారం అసలు లైసెన్స్ తెచ్చి చూపించాలని, లేకపోతే ఎంపిక చెల్లదని మా రూముకు ఉత్తరం వచ్చింది. అతను విజయవాడ ట్రిప్పు నుంచి దిగింది మంగళవారం సాయంత్రం. ఉత్తరం చదివి సంతోషం పట్టలేక నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పటికప్పుడు ఇద్దరం సేట్ దగ్గరికి వెళ్లాం.

సేట్ కోప్పడలేదు. చాయ్ తెప్పించాడు. "మంచిదే ప్రేమ్. నీ జాగల ఇంకో డ్రైవర్‌ను తెచ్చి నిలవెట్టు, నీ కాయితం తీస్కపో."

"రేపొక్క రోజే ఉంది సేట్. ఆడ సూపెట్టి మల్ల తెచ్చిస్త."

"అందరు గట్లనే అంటరు" అని సేట్ బీరువా తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

బయట కనకయ్య కూర్చుని ఉన్నాడు. తన లైసెన్స్ కూడా పన్నెండేళ్లుగా ఆ బీరువాలోనే ఉందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మరి ఆనాడు నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"ఎన్నేండ్ల సంది ఉన్నవని అడిగినవ్ సారూ. చెప్పిన" అన్నాడు.

మర్నాడంతా తిరిగాం. పోయిందని రాయించి కొత్త లైసెన్స్ తీసుకోవాలంటే రెండు వారాలట. పోలీసులకు చెబుదామంటే ప్రేమ్‌సాగర్ వద్దన్నాడు. "నేను ఏడాదిన్నర నడిపిన్నని సాక్ష్యం చెప్పేది గా సేటే కదన్నా." అతని బదులు దిగే డ్రైవర్ కోసం ఇద్దరు ముగ్గురిని అడిగాం కానీ, సంగతంతా చెప్పాక ఎవడు వస్తాడు?

గురువారం జిరాక్స్ పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. నేను గేటు బయట ఉన్నాను. అక్కడి అధికారి మంచివాడే. లైసెన్స్ ఎవరితోనైనా పంపమని తనే సేట్‌కు ఫోన్ చేశాడట. "బంగారమసొంటి డ్రైవర్ సార్. గసొంటోన్ని ఎట్ల ఇడిశిపెడ్త?" అని సేట్ ఫోన్ పెట్టేశాడట. అయిదు గంటలదాకా చూసి పేరు కొట్టేశారు.

ప్రేమ్‌సాగర్ నన్నొక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నా బరువు కొంత దిగేది. నారాయణగూడలో బస్సు దిగి, "ఏడింటికి లోడున్నదన్నా. అమ్మ ఫోన్ చేస్తే ఉత్తరం రాలేదనే చెప్పు, తట్టుకోలేదు" అని ఆఫీసు వైపు నడిచాడు. పిలిచి ఆపాలనిపించింది. ఆపి ఏం చెప్పను?

మర్నాడు పొద్దున ప్రేమ్‌సాగర్ తల్లి కిష్టమ్మ ఫోన్ చేసింది. "ఆర్టీసోల్ల కాయితం అచ్చిందా బిడ్డా?"

"రాలేదమ్మా."

తనే నాకు ధైర్యం చెప్పింది. "పోనీ తియ్యి, మన నసీబుల లేదు. అయినా గా సేటు మంచోడు, పనిలకెల్లి ఎవ్వల్ని తీసెయ్యడంట గదా. నువ్వు సూసి పెట్టినవు, నీ కడుపు సల్లగుండ. మా చిన్నోడు గూడ లారీ లైసెన్స్ తీసిండు బిడ్డా. వాన్ని గూడ అండ్లనే పెట్టియ్యి."

వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఉత్తరం సంగతి చెప్పాలి.

"సరే అమ్మా" అన్నాను.