పీపా కింద కాగితం

ఆల్విన్ పాస్కో నీళ్ళ గ్లాసులో వేలు ముంచి, పీపా కింద పరిచిన పాత పేపరు మీద ఒక చుక్క రాల్చాడు. అది పాకి చొక్కా గుండీ అంత మచ్చయింది. చాలదనిపించి ఇంకోటి రాల్చాడు. తర్వాత వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, కారుతున్న పీపా వంక చూసినట్టు దిగాలుగా చూశాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. అయినా ఆ ముఖం కాస్త అలవాటు చేసుకుంటేగాని తమ్ముడి ముందు నిలవదు.

ఆ పీపా కారదు. ఆల్విన్ అతికినది ఏదీ కారదు. పాలపొడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళ పైచిలుకు స్టీలు గొట్టాలు వెల్డింగుతో అతికిన చెయ్యి అది. గొట్టం లోపల అతుకు గరుగ్గా ఉంటే అక్కడ పాలు పట్టి పులుస్తాయి, ట్యాంకు పాలు మురిక్కాలవలో పోయాలి. అందుకని గొట్టం నిండా ఆర్గాన్ వాయువు పట్టించి, ఊపిరి బిగబట్టి, అతుకు లేత గడ్డి రంగు తేలేదాకా చెయ్యి వణకనిచ్చేవాడు కాదు. బాగా చేసిన పని ఎవరికీ కనపడేది కాదు, పాలు దాని మీదుగా జారిపోయేవి. రిటైరైన రోజున క్యాంటీన్లో కేకు కోశారు. రెండు ముక్కలు తిని ఇంటికొచ్చాడు. అప్పటికే భార్య రేవిన్ ఈ పడమటి తీరం వానలు ఇక పడలేనని క్రైస్ట్‌చర్చ్ వెళ్ళిపోయి చాలా కాలమైంది. పోట్లాడి వెళ్ళలేదు. చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి బీరువాలో సర్ది మరీ వెళ్ళింది. ఆమె వెళ్ళిన రోజు ఏదో ఒక మాట అని ఉండాల్సింది, ఆల్విన్‌కి తోచలేదు.

రిటైరయ్యాక ఊళ్ళోవాళ్ళ సారా బట్టీలు చేసిపెట్టేవాడు. ఇంట్లో తాగడానికి కాచుకుంటే ఎవరూ అడగరు, అమ్మితేనే పోలీసు వస్తాడు. ఊళ్ళో సగం షెడ్లలో ఆల్విన్ చేతి పీపా ఉంది. తను మాత్రం చుక్క ముట్టడు. వాళ్ళ నాన్న తాగగా చూసింది చాలు.

ఈ పీపా తమ్ముడు క్లారీది. హోటలు మూతబడినప్పుడు పెరట్లో మిగిలిన స్టీలు బీరు పీపాను వేసవి మొదట్లో చక్రాల బండి మీద తోసుకొచ్చాడు.

“దీన్ని బట్టీ చేసిపెట్టు, ఆల్. పింఛనుతో కొన్న సీసా వారం మధ్యకే ఖాళీ అవుతోంది. పంచదారతో కాచుకుంటే నన్నాపేవాడెవడు?” అన్నాడు.

ఆల్విన్ ముందు పీపాలో మిగిలిన గ్యాసు పక్కకి నిలబడి వదిలాడు. లోపలి పొడుగు గొట్టం పీకి, పాచిపోయిన బీరు కంపు వదిలేదాకా కడిగాడు. పైన రాగి గొట్టం కూర్చోవడానికి, కింద హీటరు రాడ్డు దూరడానికి కన్నాలు కోసి, వాటికి స్టీలు కంకణాలు అతికి, రాడ్డు బిగించాడు. అంతా ఒక్క వారంలో అయిపోయింది. ఆ వారమే క్లారీ కాళ్ళు వాచాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇంక తాగితే చలికాలం దాటడని డాక్టరు ఆల్విన్‌ని వరండాలోకి పిలిచి చెప్పాడు.

శనివారం క్లారీ పీపా కోసం వచ్చాడు. ఇచ్చెయ్యడానికి లేచిన ఆల్విన్ నోట్లోంచి, తను పుట్టి బుద్ధెరిగాక మొదటి అబద్ధం ఊడిపడింది.

“కారుతోందిరా. వచ్చే వారం రా.”

అప్పట్నించీ అదే తంతు. క్లారీ ఎదురుగానే అతుకు గ్రైండరుతో కోస్తాడు, మళ్ళీ అతుకుతాడు, నీళ్ళు నింపి పొడి కాగితం మీద పెడతాడు. మరుసటి శనివారానికి కాగితం తడిసి ఉంటుంది. గ్యాసు సిలిండర్లున్న షెడ్డులోకి తాగినవాణ్ణి ఆల్విన్ రానివ్వడు. కాబట్టి శనివారాలు క్లారీ తాగకుండా, గడ్డం గీసుకుని, తడి టోపీ చేత్తో పట్టుకుని వస్తాడు. టీ తాగుతాడు. శనివారం మానినవాడు శుక్రవారం రాత్రి కూడా మానుతాడని ఆల్విన్ అనుకున్నాడు. అలా ఒక్కో రోజే వెనక్కి జరిగి వారమంతా మానేస్తాడని ఆశపడ్డాడు. అతను జీవితంలో పడ్డ పెద్ద ఆశ అదే.

ఇవాళా శనివారమే. ఇంట్లో వెన్న అయిపోయిందని గుర్తొచ్చి కోటు తగిలించుకుని కొట్టుకి వెళ్ళాడు. కొట్టు నడిపే జోయిలీన్ లోపలి నుంచే కేకేసింది.

“ఏం ఆల్, ఇంకా కారుతోందా? మా బామ్మ జల్లెడ నయం కదయ్యా!”

“కారుతోంది,” అన్నాడు ఆల్విన్.

“నీ చేతులకి కళ్ళజోడు పెట్టించు.”

కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. పడవ నడిపే గార్త్ మాత్రం నవ్వకుండా బూట్ల వంక చూసుకున్నాడు. అతని పడవ డీజిల్ ట్యాంకు ఎప్పుడూ ఆల్విన్ అతికేవాడు. ఈసారి గ్రేమౌత్ పట్నం పంపించాడని ఊరందరికీ తెలుసు. ఆల్విన్ వెన్న, జున్నుముక్క తీసుకుని బయటికొచ్చాడు. తలుపు మూసుకుంటుంటే వెనక నుంచి ఎవరో “పాపం, చెయ్యి పోయింది ముసలాడికి” అనడం వినపడింది. వెనక్కి వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు. చెప్పకుండా వానలో ఇంటికి నడిచాడు.

క్లారీ వచ్చేసరికి జున్ను వేసి కాల్చిన స్కోన్ రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. కాళ్ళు ఈడుస్తూ వచ్చి ఆపిల్ పెట్టె మీద కూలబడ్డాడు. చేతులు పుల్లలు, పొట్ట కుండ, కళ్ళు పచ్చగా ఉన్నాయి. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, వంగి పేపరు వంక చూశాడు.

“ఇవాళ రెండు చుక్కలే. పోయిన వారం మూడు.”

“తగ్గుతోంది,” అన్నాడు ఆల్విన్.

“అతుకు ఇక్కడుంది.” క్లారీ కంకణం మీద వేలు పెట్టాడు. “కారితే ఈ వంపు మీదుగా జారి అడుగు అంచు దగ్గర పడాలి. నీ చుక్కలు జానెడు అవతల పడతాయి. పోయిన వారం పేపర్లో మూడో పందెం గుర్రాల పేర్ల మీద పడ్డాయి. నీళ్ళు గెంతుతాయా, ఆల్?”

ఆల్విన్ స్కోనుకి వెన్న రాస్తూ ఉండిపోయాడు. రాసిన చోటే మళ్ళీ రాశాడు.

“ఎప్పట్నించి తెలుసు?”

“మొదటి వారం నించే. నేను తాగుబోతుని, గుడ్డోణ్ణి కాదుగా. నువ్వు అతికింది కారడమేంటి!”

“మరి అడగలేదేం?”

“అడిగితే చేతికిచ్చి పంపించేసేవాడివి. తర్వాత ఏ వంక పెట్టుకుని రాను?”

“ఊరికే రావచ్చుగా.”

క్లారీ నవ్వాడు. నవ్వు దగ్గయి, దగ్గు చాలాసేపు తగ్గలేదు. “ఊరికేనా? మనమా? నాన్న పోయిన రోజు కూడా నువ్వు నా గుడిసెకి పొయ్యి గొట్టం బాగుచేసే మిషతోనే వచ్చావు. బాగుచేసి, మెట్ల మీద కూర్చుని, అప్పుడు చెప్పావు.”

నిజమే. ఆల్విన్‌కి ఆ గొట్టం కొలత కూడా గుర్తుంది.

“మానేశావనుకున్నానురా,” అన్నాడు చివరికి.

“శనివారం పొద్దున మానేస్తా. ఇంటికెళ్ళగానే మొదలెడతా. అబద్ధం ఇద్దరం ఆడాం. నీది నీళ్ళతో, నాది సారాతో.”

ఆల్విన్ వెన్న కత్తి కింద పెట్టాడు. ఇన్ని వారాలు కోసి అతికినదంతా, ఊరంతా నవ్వితే పడినదంతా, ఒక మనిషికి కాసిని శనివారం పొద్దుటి గంటలు. అంతే మిగిలింది.

“జోయిలీన్ కొట్లో నిన్నేమంటున్నారో విన్నాను,” అన్నాడు క్లారీ. “నా మూలంగా. ఆ తడి కాగితం పీకి పారెయ్. పొడిది వెయ్. ఇద్దరం కూర్చుని చూద్దాం. చుక్క పడకపోతే నేనే వెళ్ళి వాళ్ళకి చెప్తా.”

“చెప్పాక?”

“పీపా ఇంటికి తీసుకుపోతా.”

“తీసుకుపోతే చస్తావురా.”

“తీసుకుపోకపోయినా అంతే. డాక్టరు నీతోనే చెప్పాడనుకున్నావా?”

ఆల్విన్ పీపాలో నీళ్ళు పారబోసి, తడి కాగితం పీకేశాడు. గుర్రపు పందాల పేజీ ఇంకోటి వెతికి తెచ్చి, కొద్దిగా ఎత్తి పట్టుకున్న పీపా కిందికి కాలితో తోశాడు. అంచుదాకా నీళ్ళు నింపాడు. చెయ్యి తుడుచుకుని తమ్ముడి పక్కన ఇంకో పెట్టె వేసుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన, చేతిలో పనేమీ లేకుండా కూర్చోవడం చిన్నప్పుడు చర్చి బల్ల మీద తప్ప అతనికి గుర్తులేదు.

“కళ్ళు తిప్పకు. నాకు మసకగా ఉంది,” అన్నాడు క్లారీ.

రేకుల మీద వాన పెరిగింది. “పడిందా?” అన్నాడు క్లారీ.

“లేదు.”

క్లారీ నదిలో ఈ ఏడు చేపపిల్లలు బాగా పడతాయన్నాడు. వల చిరిగిందన్నాడు. దాని చట్రం కూడా వంగిందన్నాడు.

“పట్రా, సరిచేస్తా,” అన్నాడు ఆల్విన్.

“తెస్తా. పడిందా?”

“లేదు.”

“పడదు,” అని గొణిగాడు క్లారీ. అతని భుజం వచ్చి ఆల్విన్ భుజానికి ఆనింది. బరువుగా ఆనింది. ఆల్విన్ జరగలేదు. కళ్ళు తిప్పొద్దన్నాడు గనక కాగితం మీంచి కళ్ళు తిప్పలేదు. వాన ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది. ఈపాటికి వాడు అడగాలి. అడగలేదు.

“పడలేదు,” అన్నాడు తనే.

ఇంకాసేపటికి మళ్ళీ అన్నాడు. అప్పటికే అతనికి తెలుసు. తిరిగి చూస్తే అది నిజమవుతుందని భయమేసి, భుజం కదపకుండా, అంచు దగ్గర ఒక్క చుక్కన్నా రాలకపోతుందా అని ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాడు. కారితే వచ్చే వారం రమ్మనొచ్చు.

టీ చల్లారిన కప్పును తమ్ముడి వేళ్ళ మధ్య నుంచి తీశాక అంబులెన్సుకీ, కొట్టుకీ ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చేలోపే జోయిలీన్ కొట్టు మూసి వచ్చింది, వెనకే గార్త్ వచ్చాడు. క్లారీని పనిబల్ల మీద పడుకోబెట్టి ముఖం మీదుగా దుప్పటి కప్పుతున్నప్పుడు ఎక్కడ చూడాలో తెలియక గార్త్ పీపా వంక చూశాడు. వంగి, అడుగంచు చుట్టూ వేలు పోనిచ్చాడు.

“కారట్లేదే, ఆల్!”

“లేదు. ఎప్పుడూ కారలేదు.”

జోయిలీన్ ఏదో అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గార్త్ టోపీ తీశాడు.

క్లారీని తీసుకుని అంబులెన్సు వెళ్ళిపోయింది, వాళ్ళూ వెళ్ళారు. ఆల్విన్ షెడ్డులోకి తిరిగొచ్చి గ్లాసులో వేలు ముంచాడు. కాగితం మీదికి చెయ్యి చాపి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత వేలు చొక్కాకి తుడుచుకుని, దీపం ఆర్పి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆపిల్ పెట్టెల ముందు పీపా నిండుగా నిలబడి ఉంది, దాని కింద పాత పందాల పేజీ పొడిగా ఉంది.