తొమ్మిదో బంతి బరువు

నక్షత్రశాల ఫిట్టరుకు కోపం వస్తే స్పానర్లు తుడుస్తాడు. ఆ ఉదయం పెట్టెలో ఉన్నవన్నీ రెండేసి సార్లు తుడిచేశాడు. కోపం ఎవరి మీదో కాదు, సొంత మేనకోడలి మీదే. అదే భవనంలో పై అంతస్తులో ఖగోళ శాస్త్రవేత్త ఆమె. పెద్ద సమావేశానికి వెళ్లి, ప్లూటో గ్రహం కాదని చెయ్యెత్తి మరీ ఓటు వేసి వచ్చింది. హాల్లో వేలాడే ప్లూటో బొమ్మను దించాలన్న కబురు మోసుకొచ్చింది కూడా తనే.

"గ్రహమో కాదో చేతులెత్తి తేలుస్తారా? అపార్టుమెంటు మీటింగా అది?"

"మూడు పరీక్షలు పెట్టాం మావయ్యా. సూర్యుడి చుట్టూ తిరగాలి. సొంత బరువుకే గుండ్రంగా అయి ఉండాలి. తన దారిలో పోటీ లేకుండా తనదే పెత్తనం కావాలి. ప్లూటో మూడోదాంట్లో తప్పింది. దాని దారి నిండా అలాంటివే బోలెడు."

"మీ డైరెక్టరు తన కుర్చీ చుట్టూనే తిరుగుతాడు, గుండ్రంగానూ ఉంటాడు. ఆయన దారి నిండా ఫైళ్లే. మరి ఆయన్నెప్పుడు దించుతున్నారు?"

మేనకోడలు నవ్వు ఆపుకుంది గానీ మాట మార్చుకోలేదు.

హాలు కప్పు నుంచి ఒక పెద్ద ఇనుప చక్రం వేలాడుతుంది. దాని చుట్టూ బయటికి చాచిన తొమ్మిది కమ్మీలు, కమ్మీ చివర గ్రహానికొకటిగా కాగితపు గుజ్జు బంతి. ఎనిమిదింటిని పాత మేస్త్రీ చేశాడు. తొమ్మిదోదైన ప్లూటో మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇతను చేసింది. చిన్నప్పుడు మేనకోడలు అలిగినప్పుడల్లా భుజాల మీద ఎక్కించుకుని ఆ బంతినే ముట్టుకోనిచ్చేవాడు. ఆ చేత్తోనే ఓటు వేసిందంటే అతనికి కడుపు మండదా మరి!

మంటకు తోడు భయం కూడా ఉంది. అప్పట్లో శని కమ్మీని ఒక జానెడు ఎక్కువ పొడుగు కోశాడు. చక్రం ఒక పక్కకు ఒరిగింది. మేస్త్రీ తోలు తీస్తాడని, ఆయన భోజనానికి వెళ్లిన అరగంటలో, ఎదుటి పక్కనున్న తొమ్మిదో బంతిలో తుప్పు పట్టిన నట్లు కూరేశాడు. చక్రం సరిగ్గా నిలబడింది. "నీ చేతిలో తూకం ఉందిరా!" అని మేస్త్రీ భుజం తట్టాడు. ఆ మాట ఇంటిల్లిపాదికీ తెలుసు. నట్ల సంగతి ఎవరికీ తెలియదు.

"నేను దించను," అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

"చిన్న బంతికి ఇంత రాద్ధాంతమా?" అంటూ అప్పుడే హాల్లోకి వచ్చిన డైరెక్టరుగారే నిచ్చెన ఎక్కారు. ఫిట్టరు నోరు తెరిచాడు. నిజం గొంతు దాకా వచ్చి, పరువు అడ్డం పడి ఆగిపోయింది. ఈలోగా కొక్కెం ఊడింది. బంతి బరువుకు డైరెక్టరుగారు బిత్తరపోయి, దాన్ని కావలించుకుని గబగబా దిగారు. పైన చక్రం ఒరిగి గిర్రున తిరిగింది. వలయాలతో సహా శని వచ్చి ఆయన నుదుటి మీద ఠపీమని కొట్టింది.

"తప్పు నాదే సార్," అన్నాడు ఫిట్టరు, ఇక దాచలేక. జానెడు కమ్మీ, నట్లు, మేస్త్రీ, అన్నీ చెప్పేశాడు. చెప్పినంతసేపూ మేనకోడలి మొహం చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె డైరెక్టరు చేతుల్లోంచి బంతిని అందుకుని గలగలలాడించింది.

"అసలు ప్లూటో బరువు మేమూ ఏళ్ల తరబడి తప్పే లెక్కేశాం మావయ్యా. చాలా ఎక్కువనుకున్నాం. కొలిచిన కొద్దీ తగ్గుతూ వచ్చింది. నీది చూస్తే ఇంత బరువు!"

"అయితే నన్నూ దించేస్తారా?"

"నిన్ను దించితే చక్రం ఎవడు తిప్పుతాడయ్యా!" అన్నారు డైరెక్టరుగారు, బొప్పి తడుముకుంటూ. "మరుగుజ్జు గ్రహం అని చీటీ అంటించి, దాని చోట దాన్ని తగిలించండి. ఓటు కావాలా?" ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తారు.

ఫిట్టరు నిచ్చెన ఎక్కి, బంతి కోసం కిందికి వంగాడు. కళ్లు మసకబారితే విసురుగా తుడుచుకున్నాడు.

మేనకోడలు ఆ సమావేశంలో ఒక్క చెయ్యే ఎత్తింది. ఇక్కడ రెండూ ఎత్తక తప్పలేదు. మావయ్య చేసిన బంతి అంత బరువు మరి.