ఏడవని బిడ్డ

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో బిడ్డ పుట్టాలంటే చిలకమ్మ చేతుల్లోనే పుట్టాలి. రైల్వే ఆస్పత్రిలో ఆయా, కాలనీ మొత్తానికి మంత్రసాని. అలాంటి మనిషిని పట్టుకుని పంతొమ్మిదివందల తొంభై మూడు ఎండాకాలంలో కాన్పు చేయడం నేర్పుతాం రమ్మంటే ఒళ్లు మండదూ మరి!

క్లాసులో ఆస్పత్రి నర్సు సిస్టర్ జ్ఞానరత్నం బల్లమీద రబ్బరు బొమ్మను పడుకోబెట్టింది. "పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఏం చేస్తావు చిలకమ్మా?"

"ఏటి సేత్తాను? సన్నీళ్లు జల్లి సెవి దగ్గర కంచం వాయిత్తాను."

తనూ క్లాసుకొచ్చిన అంబులెన్సు డ్రైవరు ఏలియా ముసిముసిగా నవ్వాడు. "నువ్వేటి నవ్వుతావురా? నా కంచం మోతకే కదా నువ్వూ ఏడిసినావు" అంది చిలకమ్మ.

సిస్టర్ నవ్వలేదు. చన్నీళ్లు పోస్తే బిడ్డ చల్లబడి చస్తుందంది. ముందు ఒళ్లు తుడిచి వెచ్చగా చుట్టాలి, అప్పటికీ ఊపిరి తీయకపోతే ముక్కుకీ మూతికీ మాస్కు ఆనించి దానికున్న రబ్బరు సంచి నొక్కి గాలివ్వాలి. దారిలోనే కాన్పు వస్తే బండి ఉరికించకుండా ఆపమని ఏలియాకు చెప్పింది. బొమ్మ ఛాతీ సరిగ్గా లేచేదాకా చిలకమ్మను వదల్లేదు. ఆవిడ సణుగుతూనే నొక్కింది.

నెల తిరక్కుండానే వర్క్‌షాపు ఫిట్టరు ఎర్రయ్య భార్య చిట్టెమ్మకు నొప్పులొచ్చాయి. ఆమె తొలిచూలు కొడుకు పుట్టి ఏడవలేదు. చిలకమ్మ ఎంత కంచం వాయించినా లాభం లేకపోయింది. దేముడి రాత అని చెప్పి ఆవిడే గుడ్డ చుట్టి ఇచ్చింది. అందుకే ఈసారి ఆస్పత్రికే పోతానని చిట్టెమ్మ పట్టుబట్టింది. అంబులెన్సులో తోడుగా డ్యూటీ మీద వచ్చింది మళ్లీ చిలకమ్మే.

సగం దారిలో బిడ్డ తల కనబడింది. "బండి ఆపరా" అంది చిలకమ్మ. ఏలియా పక్కకు ఆపి, కిటికీలు మూసి వెనక్కి వచ్చాడు.

ఆడపిల్ల. ఒళ్లంతా నీలం, ఉలుకూ పలుకూ లేదు. చిలకమ్మ చెయ్యి దానంతటదే నీళ్ల సీసా మీదికి పోయింది.

"పిన్నీ, ఏడవలేదేటి?" అంది చిట్టెమ్మ.

తొలి కాన్పప్పుడూ ఇదే మాట అడిగింది. చిలకమ్మ సీసా వదిలేసి తువ్వాలుతో బిడ్డ ఒళ్లంతా తుడిచింది, పొడిగుడ్డలో చుట్టి వీపు రుద్దింది. ఊహూఁ. బండిలో ఉంచిన మాస్కు ఆనించి సంచి నొక్కింది.

"ఛాతీ లేస్తందేటిరా?"

"లేస్తంది అత్తా. నొక్కు."

నొక్కింది. నొక్కుతూనే ఉంది. పిల్ల ఒక్కసారి ఊపిరి ఎగపీల్చి, ముఖం చిట్లించి, కేరుమంది.

ఏలియా కళ్లు తుడుచుకుని స్టీరింగు దగ్గరికి పోయాడు. చిలకమ్మ బిడ్డను తల్లి రొమ్ముమీద పెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పి సర్దింది. చిట్టెమ్మ పిల్ల ముఖంకేసి చాలాసేపు చూసింది.

"పెద్దోడికీ ఇలాగే సేసుంటే బతికేవోడా పిన్నీ?"

దేముడి రాత అనే మాట చిలకమ్మ నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది.

"బతికేవోడేనేమోనమ్మా."

చిట్టెమ్మ గుడ్డ అంచు మీదున్న చిలకమ్మ వేళ్లను మెల్లగా తప్పించి, బిడ్డతో అటు తిరిగి పడుకుంది.