ఆరో వారం దాటని మొక్కు

శుక్రవారం దీపాలు పెట్టే వేళకి కాలవగట్టు మీద తెల్లకారు మలుపు తిరిగిందంటే రమణమ్మకి ఒళ్ళు మండిపోయేది. డ్రైవరు అబ్రహాము దిగి వెనక తలుపు తీసేవాడు. కనకమహాలక్ష్మి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి దిగి, అరుగైనా ఎక్కకుండానే అందుకునేది.

"ఏవండీ, పోయినవారం బురదే ఇప్పుడూ ఉంది. అతిథుల కోసం దాచి ఉంచారా?"

"ఆయ్, రండి రండి," అనేది రమణమ్మ. పైకి రండి అంటున్నప్పుడు లోపల ఇంకో మాట అనుకునేది. ఆ మాట ఇక్కడ రాయడానికి వీల్లేదు.

వాడపల్లికి దగ్గర్లో, కొబ్బరితోటలో రమణమ్మా ఆవిడ భర్త పెదబాబూ ఇంటి మీద రెండు గదులు వేసి హోంస్టే పెట్టారు. ఆలోచన పెదబాబుది, చాకిరీ రమణమ్మది. ఎండాకాలంలో ముంజలనీ మామిడిపళ్ళనీ పిల్లల్నేసుకుని వచ్చేవాళ్ళు ఒక రకం. గోదారి ఎర్రబడగానే పులస పులస అంటూ హైదరాబాదు నుంచి దిగే మగాళ్ళు ఇంకో రకం. కార్తీకంలో వనభోజనాల జట్లు వస్తాయి, తోటనిండా విస్తళ్ళు వదిలేసి పోతాయి. అందరికీ ఆవిడ వండింది, అందరి దుప్పట్లూ ఉతికింది. వానాకాలంలో ఆ దుప్పట్లు ఆరవు. ఫ్యాను కింద వేసి, ఇస్త్రీపెట్టె తిప్పి, ముక్కిన వాసన పోయిందో లేదో మొహానికి ఆనించి చూసుకునేది. ఇంతమందిని చూసిన మనిషికి ఈ ఒక్క మనిషి కొరుకుడు పడలేదు.

కనకమహాలక్ష్మిది విజయవాడ. ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనం చేసుకుంటానని మొక్కుకుంది. శనివారం ఆ రోడ్డు మీద కారు కదలదు కాబట్టి ముందురోజు సాయంత్రమే వచ్చి, రాత్రి ఉండి, తెల్లవారుతూనే గుడికి పోయేది. మొక్కుకి నియమం గట్టిది. శుక్రవారం రాత్రి నుంచి దర్శనం అయ్యేదాకా ఉల్లి, వెల్లుల్లి నోటికి తగలకూడదు. ఒక్క వారం తప్పినా, నియమం చెడినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఈ సంగతి మొదటివారమే చెప్పింది. చెప్పి, కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఇది కాఫీ అని ముందే చెబితే బాగుండేది."

రెండోవారం బాత్రూములో కప్ప కనపడితే, "దీనికి కూడా గది అద్దెకిచ్చారా?" అంది. మూడోవారం పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైంది. నాలుగోవారం దిండు గట్టిగా ఉంది, ఐదోవారం అదే దిండు మెత్తగా ఉంది. దిండు సంగతి విన్నాక రమణమ్మ వంటింట్లో గరిటె నేలకేసి కొట్టింది.

"రావద్దని చెప్పెయ్యండి ఆవిడకి. నావల్ల కాదు."

"మొక్కులో ఉన్న మనిషిని మధ్యలో పొమ్మంటే ఆ పాపం మనకే చుట్టుకుంటాదని మా అమ్మ అనేది," అన్నాడు పెదబాబు. "ఇంక రెండు వారాలేగా. ఆయ్ ఆయ్ అనుకుంటా గడిపెయ్."

"మీరు గడపండి ఆయ్ అనుకుంటా. పొయ్యి దగ్గర నిలబడేది నేను."

ఆరోవారం రెండో గదిలో హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు కూడా ఉన్నారు. నలుగురి ముందు కనకమహాలక్ష్మి పప్పులో అన్నం కలిపి ఒక ముద్ద తిని, నోరు తుడుచుకుంది.

"వండినట్టు లేదండీ. వదిలించుకున్నట్టుంది."

ఆ హైదరాబాదు అమ్మాయి కిసుక్కున నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. పైగా ఆ మాట నిజం. ఈ ఐదారు వారాలుగా రమణమ్మ ఆవిడకి వండడం లేదు, వదిలించుకుంటోంది. పరాయి మనిషి వచ్చి మన చేతిలో ఏం తగ్గిందో సరిగ్గా పట్టుకుంటే వచ్చే కోపం అంతా ఇంతా కాదు.

వంటింట్లోకి పోయింది. రోట్లో బీరకాయ పచ్చడి సగం నలిగి ఉంది. మూలనున్న బుట్టలోంచి గుప్పెడు వెల్లుల్లి రెబ్బలు తీసి, పొట్టయినా సరిగ్గా తియ్యకుండా రోట్లో వేసి, పచ్చివే కచ్చాపచ్చాగా దంచింది. ఆ పచ్చడి గిన్నెలోకి తీసి, తెచ్చి ఆవిడ విస్తట్లో వడ్డించింది.

కనకమహాలక్ష్మి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. తలెత్తి రమణమ్మ మొహంలోకి చూసింది. ఇంక విస్తరి లేచి మొహాన పడుతుందనుకుని రమణమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిడ నెమ్మదిగా నమిలి మింగింది.

"ఇంకొంచెం వెయ్యండి," అంది.

ఆ ఇంట్లో ఆవిడ మారు అడగడం అదే మొదటిసారి. రమణమ్మకి కోపం దిగిపోయాక చేసిన పని ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. మనిషి మీద కసి తీర్చుకోబోయి దేవుడి పనిలో చెయ్యి పెట్టింది. పొద్దున్న కారు దగ్గరికి ఆవిడ వస్తుంటే ఎదురెళ్ళి నిలబడింది.

"మీతో ఒక మాటండి. రాత్రి పచ్చట్లో వెల్లుల్లి పడిందండి."

"పడలేదు. వేశారు," అంది కనకమహాలక్ష్మి. "నోట్లో పెట్టుకోగానే తెలిసింది. తెలిసే తిన్నాను."

"తెలిసి తిన్నారా?"

"మీది మూడో ఇల్లు. మొదటింట్లో ఆరోవారానికి గది లేదు పొమ్మన్నారు. రెండో ఇంట్లో ఆవిడ గుడ్డు వేపిన గరిటె నా కూరలో పెట్టింది. మీరు వెల్లుల్లి వేశారు. నేను నాలుగు వారాలు మాటలంటే ఎవరైనా ఏదో ఒకటి చేస్తారు." అదేదో బజారులో ధరలు చెప్పినట్టు చెప్పింది. "వచ్చే శుక్రవారం నుంచి ఇక్కడే మళ్ళీ మొదలుపెట్టుకుంటాను."

రమణమ్మకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక భయం ఎటు పోయిందో పోయింది.

"అయితే మీ మొక్కు చెడగొట్టించుకోడానికి మా ఇంటికొచ్చేరన్నమాట. పాపం మాకు, నియమం మీకానండి?"

"నాలుగేళ్ళయింది నా కూతురు సత్యశ్రీ నాతో మాట్లాడి," అంది కనకమహాలక్ష్మి. "నా నోరు భరించలేక పోయిందని చెబుతారు అందరూ. తనంతట తాను మాట్లాడాలని మొక్కుకున్నాను. ఏడూ పూర్తయ్యి, అప్పటికీ అది మాట్లాడకపోతే ఇంక ఎవర్ని అడగమంటారు? పూర్తవకపోతే, పూర్తవలేదు కాబట్టి జరగలేదని చెప్పుకోవచ్చు." కారెక్కి తలుపు వేసుకుని, అద్దం దించింది. "మీకు చెప్పాల్సిన పని లేదు. పచ్చడి బాగుంది కాబట్టి చెప్పాను."

కారు పోయిన వైపే చూస్తూ రమణమ్మ చాలాసేపు గేటు పట్టుకుని నిలబడింది. జాలి వెయ్యలేదు. ఎవరి ఇంట్లోనో వండి వార్చే ఆడవాళ్ళని ఎగదోసి, వాళ్ళ చేత తప్పు చేయించి, ఆ తప్పు వెనకాల దాక్కునే మనిషి మీద జాలేమిటి? ఈసారి ఏడూ పూర్తి చేయించే పంపుతాను, అప్పుడేం చెబుతుందో చూస్తాను అనుకుంది. అంత పట్టుదల రమణమ్మకి ఇల్లు కట్టేటప్పుడు కూడా లేదు.

మర్నాడే కొత్త గిన్నెలు కొంది. శుక్రవారాల్లో ఇంట్లో ఉల్లిపాయ అన్న మాటే లేకుండా చేసింది. రెండో గదిలోకి ఎవరు దిగినా అదే వంట. పెదబాబుకి ఆమ్లెట్టు కూడా బంద్.

"ఆవిడ మొక్కుకి నాకెందుకే శిక్ష?" అని గొణిగాడతను.

"హోంస్టే పెడదామన్నది మీరే కదా. తినండి నోరు మూసుకుని."

కనకమహాలక్ష్మి వచ్చింది. మొదటివారం సాంబారు కుడితిలా ఉందంది. "ఆయ్, వచ్చేవారం చిక్కగా చేస్తానండి," అంది రమణమ్మ నవ్వుతూ. రెండోవారం దుప్పటి ముక్కిన వాసనంది. రమణమ్మ అక్కడికక్కడే మార్చింది. మూడోవారం పెదబాబుని పట్టుకుని, మీ ఆవిడకి వంట నేర్పిన వాళ్ళెవరోగానీ వాళ్ళకి దండం పెట్టాలంది. అతను బిత్తరపోయి పెళ్ళాం మొహం చూశాడు. రమణమ్మ ఇంకొంచెం నెయ్యి వడ్డించింది. ఆ నవ్వు చూసి కనకమహాలక్ష్మికి మొదటిసారి అనుమానం వచ్చింది.

నాలుగోవారానికి వరద వచ్చింది. కాలవ పొంగి ఊళ్ళోకొచ్చే దారి మీద మోకాటిలోతు నీళ్ళు నిలిచాయి. సాయంత్రం ఫోను మోగింది.

"రమణమ్మ గారూ, మెయిన్ రోడ్డు మీద ఉన్నాం. ముందుకి పోలేమంటున్నాడు అబ్రహాము. ఏం చేస్తాం, ఈవారానికి వెనక్కి వెళ్ళిపోతాను." గొంతులో పండగ వినిపించింది.

"అక్కడే ఉండండి. కదిలేరో చూడండి."

రమణమ్మ పెదబాబుని తరిమింది. అతను ట్రాక్టరుకి తొట్టి తగిలించి, అందులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పోయాడు. ఊరు ఊరంతా చూస్తుండగా కనకమహాలక్ష్మి ఆ కుర్చీలో గొడుగు పట్టుకుని కూర్చుని, ఎర్రనీళ్ళలోంచి ఊగుతూ వచ్చింది. దిగి, తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంటూ లోపలికి పోయింది. మర్నాడు తెల్లారకుండా అదే ట్రాక్టరు మీద గట్టెక్కించి, దర్శనానికి పంపించింది రమణమ్మ.

ఆరోవారం అన్నం ముందు కూర్చుని ఆవిడ రమణమ్మని అనరాని మాటలన్నీ అంది. చేతివాటం ఉందంది, పల్లెటూరి మొద్దంది, గదులు పశువులపాకకన్నా కనాకష్టమంది. ప్రతి మాటా తగిలింది. రమణమ్మ పళ్ళు బిగపట్టి మజ్జిగ పోసింది. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి, అరటిపండు పెట్టింది.

ఏడో శుక్రవారం కనకమహాలక్ష్మి భోజనం వద్దంది. కాసేపు నడిచొస్తానని వంక పెట్టి గట్టు మీదకి నడిచింది. ఎటు పోతుందో రమణమ్మకి తెలుసు. మలుపులో తాతాజీ బజ్జీల బండి ఉంది. కాసేపటికి ఉత్తచేతులతో, మొహం కందగడ్డ చేసుకుని వచ్చింది.

"వాడికేం చెప్పారు మీరు?"

"ఏవన్నాడండి?"

"ఉల్లిపాయ బజ్జీ అడిగితే, 'మీకివ్వనండి, రమణమ్మగారు చంపేత్తారండి' అన్నాడు."

"ఆయ్, అవునండి. చంపేద్దును," అంది రమణమ్మ. "అన్నం చల్లారిపోతోంది, కూర్చోండి."

కనకమహాలక్ష్మి కూర్చుంది. ఆ రాత్రి ఏ వంకా పెట్టలేదు. తల వంచుకుని తింది.

పొద్దున్న కారు తలుపు దగ్గర ఆగిపోయింది. తల తిరుగుతోందంది. రమణమ్మ ఆవిడ రెక్క పుచ్చుకుని కార్లోకి ఎక్కించి, పక్కనే తనూ కూర్చుంది.

"పోనీ అబ్రహామూ."

గుళ్ళో జనం తోపులాట. గోవింద నామాల హోరులో రమణమ్మ ఆవిడ చెయ్యి వదలకుండా ప్రదక్షిణలు చేయించింది, వరసలో నిలబెట్టింది, దర్శనం చేయించింది. బయటికి వచ్చి కొబ్బరికాయల కొట్టు పక్కన నిలబడ్డారిద్దరూ.

"అయిపోయింది," అంది కనకమహాలక్ష్మి. "సంతోషమేనా మీకు?"

"సంతోషమేనండి."

"ఇప్పుడు ఆ పిల్ల మాట్లాడకపోతే నేనెక్కడికి పోను?"

రమణమ్మ ఇన్ని వారాలూ గెలవడం గురించే ఆలోచించింది. గెలిచాక ఈ మనిషి ఏమవుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఎదురుగా నిలబడ్డ ఆ మొహం చూస్తే సిగ్గేసింది. సిగ్గేస్తే రమణమ్మకి ఇంకా కోపం వస్తుంది.

"ఇన్ని వారాలు దేవుణ్ణడిగేరు. ఆ పిల్లని ఎన్నిసార్లడిగేరండి?"

కనకమహాలక్ష్మి చేతిలో సంచి సర్దుకుంది.

"ఒక్కసారీ లేదా?"

"పెద్దదాన్ని. తను చెయ్యాలి."

"ఫోను తియ్యండి."

"ఎత్తకపోతే?"

"ఎత్తకపోతే నన్ను తిట్టండి. మీకలవాటేగా."

కనకమహాలక్ష్మి సంచిలోంచి ఫోను తీసింది. నంబరు వెతుక్కోనక్కర్లేకపోయింది, వేళ్ళకి వచ్చు. అవతల మోగుతున్న చప్పుడు పక్కన నిలబడ్డ రమణమ్మకి కూడా వినిపించింది. గుళ్ళో తనకోసం ఏమీ అడగని రమణమ్మ, ఎత్తవే తల్లీ, ఎత్తు అనుకుంది. మొగుడు జ్వరంతో పడుకున్నప్పుడు కూడా అంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు.

"హలో, ఎవరండీ?" అంది ఒక ఆడగొంతు.

తల్లి నంబరు చెరిపేసుకుంది ఆ పిల్ల. కాఫీ మీద, కప్ప మీద, దిండు మీద మాట వెతుక్కోనక్కర్లేని మనిషికి ఒక్క మాట రాలేదు. రమణమ్మ ఆవిడ జబ్బ మీద గట్టిగా గిల్లింది.

"చెప్పండి," అంది పళ్ళ మధ్య నుంచి.

"నేనే," అంది కనకమహాలక్ష్మి. "అమ్మని. తిన్నావా?"

అవతల నుంచి ఏ మాటా రాలేదు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.